దింపుడు బట్టలు

కుర్మిష్కై
1936 నవంబరు 24

ప్రియమైన తెక్లె అక్కకి,

యేసుక్రీస్తుకు స్తోత్రం. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. అలవాటు కొద్దీ క్షేమం అని రాశాను కానీ, నిజానికి నా కొంప మునిగింది. ముంచింది నువ్వే.

మొదటి రోజు అంతా బాగానే జరిగింది. బండి మీంచి నా పెళ్లిపెట్టె దిగగానే ఇక్కడి ఆడవాళ్ళంతా మూత ఎత్తి ఒక్కొక్కటీ తీసి వెలుతురులో పట్టి చూశారు. పద్దెనిమిది తువ్వాళ్ళు, ఆరు బల్లగుడ్డలు, నాలుగు మంచం దుప్పట్లు లెక్కపెట్టుకున్నారు. "ఇంత సన్నపు నార వడికి నేసిందంటే ఈ పిల్ల చేతులు చేతులు కావమ్మా" అన్నారు. నేను తల దించుకున్నాను. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. జిగ్మాస్ బాబాయి పెళ్ళిళ్ళ పేరయ్యగా నా గురించి ఏమేం చెప్పాడో నాకు తెలియదు గానీ, ఈ ఊళ్ళో నేను పుట్టుకతోనే మగ్గం నాడె పట్టుకుని పుట్టానని అనుకుంటున్నారు. టోపీల దుకాణంలో ఏడేళ్ళు పనిచేశానన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

మర్నాడు తెల్లారగానే లేచి, కొత్త కోడలు చెయ్యాల్సినదంతా చేశాను. అత్తగారి తువ్వాళ్ళు తీసి మేకులకి మన పిల్లిపాదాల నమూనా తువ్వాళ్ళు తగిలించాను. బావి గెడకి నడికట్టు కట్టాను. రొట్టెపిండి తొట్టి మీద గళ్ళ గుడ్డ కప్పాను. ఇక అత్తగారి మంచం మిగిలింది. బార్బోరా అత్తగారు బంగాళాదుంపలు తవ్వినప్పటి నుంచీ గుండెల్లో నొప్పని మంచం మీదే ఉంది. పాదిరీ గారు వచ్చి రెండుసార్లు చివరి ప్రార్థన చేసి వెళ్ళారు. పాపం ముసలావిడ, అన్నిటికంటే మంచిది ఆవిడకే ఇద్దామనుకున్నాను. పెట్టె అడుగున తెల్లటివి, పొడుగాటివి రెండు బట్టలు కనిపించాయి. ఒక పువ్వు లేదు, ఎర్రదారం లేదు, ముట్టుకుంటే వెన్న. అలంకారం లేదంటే మరీ ఖరీదైనదే అయ్యుంటుందనుకుని వాటిని ఆవిడ తలాపున చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరిచాను.

ఆవిడ కళ్ళు తెరిచి చూసింది. రెండు వేళ్ళతో అంచు పట్టుకుంది.

"ఇది నువ్వే నేశావా?"

"అవునత్తయ్యా. మీకోసమే నేశాను."

"కొలత చూసుకునే నేశావా?"

"సరిపోతుందనే అనుకుంటున్నానండీ."

ఆవిడ దుప్పటి పక్కకి తోసింది. తర్వాత కాళ్ళు కింద పెట్టి చెప్పులు అడిగింది. మూడు నెలల తర్వాత మొదటిసారి లేచి నిలబడి, "నాకంత తొందరేం లేదులే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పక్కింటి ఆగోటా వచ్చి చూసి నోటి మీద చెయ్యి వేసుకుని, నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి చెప్పింది, అవి శవపేటికని గోతిలోకి దించే బట్టలని. కొత్త కోడలు వచ్చిన మొదటి పొద్దున అత్తగారి తలాపున దింపుడు బట్టలు పరిచిందని ఊరంతా అనుకుంటున్నారు!

ఇప్పుడు నేనేం చెప్పను? తెలియక పరిచానంటే, నువ్వు నేసిన బట్ట నీకే తెలియదా అంటారు. తెలిసి పరిచానంటే, అత్త చావు కోరిన కోడల్ని అవుతాను. ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మా ఆయన బల్ట్రుస్ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడు. అసలు అలాంటివి నా పెట్టెలో ఎందుకు పెట్టావు? వెంటనే రాయి.

నీ చెల్లెలు
స్తెఫానియా


గిర్నూపియై
1936 డిసెంబరు 6

చెల్లెలు స్తెఫానియాకి,

యేసుక్రీస్తుకు స్తోత్రం. నీ ఉత్తరం చదివి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను.

అమ్మని గోతిలోకి దించినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తూ ఉన్నావనుకో. ఒక్కసారి కళ్ళు తెరిచి ఉంటే ఈ రోజు నీ అత్తగారికి ఈ మర్యాద జరిగేది కాదు. పువ్వులేని బట్ట ఖరీదైనదని నీకు టోపీల దుకాణంలో చెప్పారా? "మీకోసమే నేశాను", "కొలత సరిపోతుంది"... చంపడానికి వచ్చినవాడు కూడా అంత మర్యాదగా మాట్లాడడే!

ఎందుకు పెట్టానంటావా? పెట్టె అడుగున జానెడు ఖాళీ మిగిలింది. నువ్వేమో నాలుగు వారాల్లో పెళ్ళన్నావు. నాలుగు వారాల్లో నేనొక్కదాన్నే ఎంత నెయ్యగలను? మూత తీసినవాళ్ళకి అడుగు కనిపిస్తే జిగ్మాస్ బాబాయి మాట పోతుందని, చేతికి దొరికింది పరిచాను. అడుగునే ఉంటుందిలే, ఎవరు తీస్తారులే అనుకున్నాను. తీసేదానివి నువ్వని మర్చిపోయాను.

నీ ముందు రెండే దారులున్నాయి. అత్త చావు కోరిన కోడలివి అనిపించుకోవడం ఒకటి. మగ్గం ముందు కూర్చోవడం రాని కోడలివి అనిపించుకోవడం ఇంకొకటి. నా మాట విని రెండోది ఎంచుకో. వెళ్ళి ఆవిడతో నిజం చెప్పు. నాలుగు రోజులు నవ్వుతారు, తర్వాత మర్చిపోతారు. మొదటిదైతే నువ్వు ముసలిదానివైనా చెప్పుకుంటారు.

పెళ్ళిలో ఆనవాయితీగా అబద్ధాల పేరయ్యని ఉత్తుత్తి ఉరి తీసే ఆటలో జిగ్మాస్ బాబాయికి తువ్వాలు విసిరి కాపాడావు చూడు, అనవసరంగా కాపాడావు. ఆ తువ్వాలు కూడా నేనే నేశాను.

నిజం చెప్పు. ఆలస్యం చెయ్యకు.

తెక్లె


కుర్మిష్కై
1937 జనవరి 10

ప్రియాతి ప్రియమైన అక్కకి,

కొత్త సంవత్సరంలో దేవుడు నీకు అన్నీ ఇవ్వాలి. నువ్వు చెప్పిన రెండు దారులూ కాకుండా మూడోది దొరికింది!

క్రిస్మస్ ముందు సాయంత్రం బల్ల మీద ఎండుగడ్డి పరిచి, దాని మీద నీ తులిప్ పువ్వుల బల్లగుడ్డ వేశాం. భోజనం మధ్యలో ఒక్కొక్కరం గుడ్డ కింద నుంచి గడ్డిపోచ లాగాం. నాకు మధ్యరకం వచ్చింది. బల్ట్రుస్‌కి కాస్త పొడుగు. అత్తగారు లాగింది చూస్తే, గడ్డిపోచ వస్తోంది వస్తోంది, బల్ల సగం దాకా వచ్చింది. ఆవిడ దాన్ని నా ముఖం ముందు పట్టుకుని "చూశావా, ఎన్నేళ్ళ ఆయుష్షో" అంది. నెల రోజుల్లో నాతో అన్న మొదటి మాట అదే. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో, నోట్లోంచి వచ్చేసింది. "మరి! మా వైపు దింపుడు బట్టలు ముందుగా తలాపున పరిస్తే ఆయుష్షు పెరుగుతుందత్తయ్యా. మృత్యువు వచ్చి చూసి, ఇక్కడ పని అయిపోయినట్టుందే అని వెళ్ళిపోతుంది. అందుకే పరిచాను" అన్నాను.

అందరూ చెంచాలు ఆపేశారు. "అవునా? మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు బల్ట్రుస్. అత్తగారు హెర్రింగ్ చేపముక్క నెమ్మదిగా నమిలి మింగి, "మంచి ఆచారమే. అయితే మీ ఊళ్ళో ముసలాళ్ళకి చావే ఉండదన్నమాట" అంది. నేను అవునన్నాను.

ఇంక చూసుకో! ఆవిడ రొట్టె చేస్తోంది, పందులకి కుడితి పోస్తోంది, నన్ను తిడుతోంది కూడా. తిట్టడం మొదలుపెట్టిందంటే నన్ను ఇంటి మనిషి కింద లెక్కేసినట్టేనని బల్ట్రుస్ అంటున్నాడు. ఊళ్ళో నా పేరు మారిపోయింది. చావుని వెనక్కి పంపిన కోడలట!

ఇప్పుడు చిన్న చిక్కు. ఆగోటాకి కూడా ఒక జత కావాలట. "అమ్మాయ్, నీ చేత్తో నేసిందే కావాలి" అని రోజూ వచ్చి కూర్చుంటోంది. ఇంకో ఇద్దరు ముసలమ్మలు కూడా అడిగారు. నువ్వు నేసి పంపిస్తే నేను ఇస్తాను. మీద ఏ గుర్తూ వెయ్యకు.

ఇంకొకటి. పండగలు అయిపోగానే మగ్గం నట్టింట్లోకి తెచ్చి బిగించారు. కూర్చోమన్నారు. వేలు తెగిందని గుడ్డ చుట్టుకున్నాను. ఇవాళ చర్చికి వెళ్ళే హడావుడిలో కట్టు ఎడమచేతికి మారిపోయింది. ఎవరూ చూడలేదనుకుంటాను. అత్తగారు మాత్రం "త్వరగా పాకుతోందే ఆ గాయం" అంది.

తొందరగా పంపు అక్కా. నువ్వు తప్ప నాకెవరున్నారు?

నీ స్తెఫూటె


గిర్నూపియై
1937 ఫిబ్రవరి 3

స్తెఫానియాకి,

నిజం చెప్పమంటే నువ్వు కొత్త ఆచారం పుట్టించావు. మన ఊళ్ళో ముసలాళ్ళకి చావే ఉండదా! మొన్న బుధవారమే ఇద్దరికి చర్చిలో చావుగంట కొట్టారు. బతికున్నవాళ్ళకి దింపుడు బట్టలు పంచే వంశంగా మనకి మంచి పేరు తెచ్చావు.

ఒక్క జత పంపుతున్నాను, ఆగోటాకి. ఆవిడ నిన్ను పెరట్లోకి లాక్కెళ్ళి నిజం చెప్పింది కాబట్టి. మిగతా ఇద్దరికీ చెప్పు, ఆయుష్షు పెంచుకోవాలంటే వేరే దారి వెతుక్కోమని. నా దగ్గర నూలు అయిపోయింది. ఈ ఏడు వడికిందంతా నీ పెట్టెలోకే వెళ్ళింది. కుడి భుజం పైకి లేవడం లేదు, చలికి రొమ్ము పట్టేస్తోంది.

ఇక ఆ కట్టు విప్పు. విప్పి మగ్గం ముందు కూర్చో. నేను చెప్పేది ఎవరికీ కనిపించకుండా చదువుకో. మొదట నాడె విసరడం కాదు, అంచు పట్టుకోవడం నేర్చుకో. పేక గట్టిగా లాగితే అంచు లోపలికి పోతుంది. వదిలేస్తే పక్కన ఉచ్చులు వేలాడతాయి. నాడె అవతలికి వెళ్ళాక పేకని కాస్త ఏటవాలుగా వదిలి, అప్పుడు దగ్గరికి కొట్టు. పడుగు దారం తెగితే భయపడకు, అందరికీ తెగుతుంది. ముడి చిన్నదిగా వెయ్యి. తొక్కేటప్పుడు కాళ్ళ వంక చూడకు. నీకు డాన్సు చెయ్యడం వచ్చు కదా, అప్పుడు కాళ్ళ వంక చూస్తావా?

ఇంకో మాట. మీ అత్తగారికి ఇప్పుడు కులాసాగా ఉంది కాబట్టి, ఆ మొదటి జత ఆవిడకి అక్కర్లేదు. వీలు చూసుకుని నాకు తిరిగి పంపించు. నాకు దానితో పని ఉంది.

తెక్లె


కుర్మిష్కై
1937 మార్చి 2

ప్రియమైన అక్కకి,

ఆలస్యానికి క్షమించు. ఆగోటా బట్టలు చూసి నా రెండు చేతులూ ముద్దు పెట్టుకుంది. అరచేతులు ఇంత మెత్తగా ఎలా ఉంచుకున్నావని అడిగింది. బాతు కొవ్వు రాస్తానని చెప్పాను.

మగ్గం ముందు కూర్చున్నాను, నీకు సంతోషమేనా? అత్తగారు పక్కనే ముక్కాలి పీట వేసుకుని మేజోళ్ళు అల్లుతూ కూర్చుంటుంది. ఏమీ అనదు. దారం తెగినప్పుడల్లా సూదులు ఆపుతుంది, ముడి వెయ్యగానే మళ్ళీ మొదలుపెడుతుంది. అదేదో తిట్టినా బాగుండేది. వారం రోజులకి బెత్తెడు నేశాను. దాని వెడల్పు పైన ఒకటి, కింద ఒకటి. మా వైపు ఇలా వదులుగానే నేస్తామని చెప్పాను. "ఆహా" అంది. మర్నాడు పొద్దున చూస్తే నేను నేసిందంతా విప్పేసి ఉంది. ఎవరు విప్పారని అడిగితే "పిల్లి" అంది. ఈ ఇంట్లో పిల్లి నూలు కూడా చక్కగా కండెకి చుట్టిపెడుతుంది!

నువ్వు అడిగిన జత గురించి. ఆవిడ ఇవ్వడం లేదక్కా. తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. ఒకసారి అడిగితే "నాకోసం నేసింది నేనెందుకిస్తాను?" అంది. మళ్ళీ అడిగే ధైర్యం లేదు. అయినా నీకు దానితో ఏం పని? ఎవరికైనా ఇస్తానని మాటిచ్చావా? నీకు నలభై కూడా లేవు. కావాలంటే ఇంకోటి నేసుకోవచ్చు. నువ్వైతే కళ్ళు మూసుకుని నేసేస్తావు.

మొన్న ఆవిడ ఉన్నట్టుండి నీ గురించి అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరున్నారే?" అంటే, అక్క ఉందన్నాను. "ఆవిడ కూడా నేస్తుందా?" అంది. లేదండీ, మా అక్క బాతుల్ని పెంచుతుంది అని చెప్పాను. పేరేమిటని అడిగింది. చెప్పాను. ఆవిడ చేతిలో అల్లిక జారిపోయింది. ముసలావిడ, వేళ్ళకి పట్టు ఉండదు పాపం.

ఎలాగోలా గట్టెక్కాను కదూ! నవ్వుకో కాస్త.

స్తెఫూటె


గిర్నూపియై
1937 మార్చి 15

స్తెఫానియాకి,

బాతుల్ని పెంచే అక్క రాస్తున్నది. నా దగ్గర బాతులు లేవు. కొన్ని కొంటే నీ మాట అబద్ధం కాకుండా పోతుందేమో చూడాలి.

ఈ ఉత్తరంతో బట్ట ఏమీ రావడం లేదు. ఫిబ్రవరిలో మూడు వారాలు మంచాన పడ్డాను. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందన్నారు. నీకు రాయనివ్వలేదు నేను. కొత్తగా కాపురానికి వెళ్ళావు, ఎందుకులే అనుకున్నాను. ఒక రోజు మరీ కష్టమైంది. పిన్ని కొవ్వొత్తి వెలిగించి, కావాల్సినవి తీసి సిద్ధంగా పెడదామని నా పెట్టె తెరిచింది. తెరిచి, లోపలికి వంగి, చాలాసేపు లేవలేదు. "ఒసే తెక్లె, ఇందులో ఏమీ లేదేమిటే? నీ దింపుడు బట్టలేవి? అమ్మ పోయిన ఏడాది నీకోసం నేసుకున్నావు కదే" అంది. స్తెఫానియా పెట్టె అడుగున ఉన్నాయన్నాను. "మరి నిన్ను తాళ్ళతో దించమంటావా, గడ్డిమోపు దించినట్టు?" అంది.

నాకు నవ్వొచ్చింది. కుర్మిష్కైలో ఒక ముసలావిడ నా బట్టలు తలాపున పెట్టుకుని రొట్టెలు చేస్తోంది, ఇక్కడ నేను బట్టల్లేక చావలేకపోతున్నాను అనుకుంటే నవ్వు ఆగలేదు. నవ్వు దగ్గయింది, దగ్గుతో కఫమంతా బయటికి వచ్చింది. మర్నాటికి జ్వరం దిగింది. డాక్టరు తన మందు పనిచేసిందనుకుంటున్నాడు.

ఇలాంటిదేదో వస్తుందని ముందే అనిపించి తిరిగి పంపమన్నాను. నువ్వు ఊరికే అడిగాననుకున్నావు. నీ తప్పు లేదు, ఎందుకో నేను చెప్పలేదు. కానీ చెల్లీ, పద్దెనిమిది తువ్వాళ్ళ కింద నా పేరు దాచుకుంటే నేను ఊరుకున్నాను. బాతులు మాత్రం నాకు చాలా బాధనిపించింది.

కళ్ళు మూసుకుని నెయ్యను. కళ్ళు తెరుచుకునే నేస్తాను. అందుకే అవి పాడవుతున్నాయి.

తెక్లె


కుర్మిష్కై
1937 ఏప్రిల్ 1

అక్కా,

ఏమని పిలవాలో కూడా తెలియడం లేదు. నీ ఉత్తరం సామాన్ల గదిలో నిలబడి చదివాను. చదివి తిన్నగా నట్టింట్లోకి వెళ్ళాను. అత్తగారు మగ్గం దగ్గర దారాలు సరిచేస్తోంది.

"అత్తయ్యా, నాకు నేత రాదు" అన్నాను.

"ఆ సంగతి ఈ మగ్గానికి కూడా తెలుసు."

"పెట్టెలో ఉన్నవన్నీ మా అక్క నేసినవి."

"బాతుల అక్కేనా?"

ఇక నా వల్ల కాలేదు. ఏడ్చేశాను. "ఏడిస్తే ఇటు తిరిగి ఏడువు. పడుగు తడుస్తుంది" అంది. నీ ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. తాళ్ళ మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచీ చదివింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ మంచం పట్టిందేమో అని భయపడ్డాను. కాదు, తన పెట్టె తెరుస్తున్న చప్పుడు వినిపించింది.

ఈస్టర్ నాడు ఉడికించిన గుడ్లు ఒకదానితో ఒకటి కొట్టే ఆట ఆడుతుండగా, ఆగోటా ముందు, బల్ట్రుస్ ముందు నాతో అంతా చెప్పించింది. ఆయుష్షు ఆచారం కూడా అబద్ధమేనని చెప్పించింది. ఆగోటా, "అబద్ధమైతేనేం, నాకు కీళ్ళనొప్పి తగ్గింది. తిరిగివ్వను" అంది. బల్ట్రుస్ ముఖం చూడటానికి భయమేసింది. అతను గుడ్డు వలుస్తూ "నేను నిన్ను టోపీల దుకాణం కిటికీలో చూసి చేసుకున్నాను, తువ్వాళ్ళు చూసి కాదు" అన్నాడు. అని, గుడ్డుకి ఉప్పు అద్దుకుని, "అయినా తువ్వాళ్ళు చాలా బాగున్నాయి" అన్నాడు. పొదుపుకి పేరుపడ్డ ఇక్కడి మనిషి కదా, దొరికింది ఏదీ వదులుకోడు.

బాతుల మాట అన్నందుకు నన్ను క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు. రోజూ పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా మగ్గం మీదే ఉంటున్నాను. కట్టు లేదు. ఇప్పుడు వేళ్ళు నిజంగానే తెగాయి. పిల్లి విప్పడం మానేసింది.

అత్తగారు నీకు విడిగా రాస్తానంది. ఏం రాస్తుందో నాకు చూపించడం లేదు.

నీ చెల్లెలు


కుర్మిష్కై
1937 ఏప్రిల్ 5

వియ్యపురాలి స్థానంలో ఉన్న తెక్లె గారికి,

యేసుక్రీస్తుకు స్తోత్రం. నాకు రాయడం అలవాటు లేదు. కాగితం కూడా వృథా చెయ్యడం ఇష్టం లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మీ చెల్లెలు ఆ బట్టలు నా తలాపున పరిచిన పొద్దునే నాకు అంతా తెలుసు. నేసిన మనిషి బట్ట పరిస్తే అంచు మీద ఒకసారి చెయ్యి పోనిస్తుంది. ఈ అమ్మాయి గోనెసంచి దులిపినట్టు దులిపింది. పైగా మూలన తెల్లదారంతో ఒక అక్షరం కుట్టి ఉంది. తెలుపు మీద తెలుపు, వెతికితే తప్ప కనపడదు. నాకు వేళ్ళకి తగిలింది. అది మీ పేరులో మొదటి అక్షరమని మీ పేరు విన్నాక తెలిసింది. ఎవరో ఒకావిడ తన చావుకి దాచుకున్న బట్ట ఇది, ఈ పిచ్చిపిల్ల నాకు పరిచింది అనుకున్నాను. ఆ పూట నేను పోయి ఉంటే వాటితోనే నన్ను దించేవాళ్ళు. ఆ తర్వాత వాటిని ఉతికి మీకు ఎవరు పంపిస్తారు? పరాయిదాని బట్ట మీద దిగడం మా ఇంటా వంటా లేదు. అందుకని లేచాను. లేచాక చూస్తే ఇంట్లో పని చాలా ఉంది.

నేను అడిగి చెప్పించాలనుకోలేదు. తనంతట తను చెప్పాలని చూశాను. పేరు తెలిసిన రోజునే అందరి ముందూ నిలదీయాల్సింది. అలా చెయ్యలేకపోవడానికి కారణం ఉంది. అది నలభై నాలుగేళ్ళుగా నేనెవరికీ చెప్పలేదు.

నాకు రోజె అని అక్క ఉండేది. నేను ఈ ఇంటికి తెచ్చుకున్న పెట్టె నిండా ఉన్నది ఆమె చేతి పనే. నాకూ అప్పటికి నేత రాదు, పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. మా అత్తగారు మీ ఇంట్లో ఇంకెవరు నేస్తారని అడిగితే, మా అక్క పందుల్ని బాగా సాకుతుందని చెప్పాను. మీవి బాతులు, మావి పందులు. రోజె పెళ్ళి చేసుకోలేదు. మూడు ఊళ్ళ ఆడపిల్లల పెట్టెల్లో ఆమె నేత ఉంది. ఆమె పోయినప్పుడు పెట్టె తెరిస్తే ఒక చిరుగు తువ్వాలు ఉంది. ఆమెని గుర్రం పగ్గాలతో దించారు. నేను అక్కడే నిలబడి చూశాను. ఇంటి దగ్గర నా పెట్టెలో ఆమె నేసినవి పదకొండు బట్టలు మడత కూడా విప్పకుండా ఉన్నాయి. వెళ్ళి ఒక్కటి తేవాలన్నా, ఇదెక్కడిదని అడుగుతారేమో అని తేలేదు.

మీ జత తిరిగి పంపుతున్నాను. ఉతికాను, మార్చి మంచు మీద ఆరేసి తెల్లబరిచాను. దానితో పాటు మీ చెల్లెలు నేసిన మొదటి బట్ట కూడా ఉంది. నవ్వకండి. లేదా నవ్వండి, మీకు దగ్గుకి మంచిదట కదా.

ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, మా ఇంట్లో ఉన్నవన్నీ గిర్నూపియై తెక్లె నేసినవని చెప్పాను. నా పెట్టెలోవి రోజె నేసినవని కూడా చెప్పాను. చాలామంది నవ్వారు. వాళ్ళలో ఎంతమంది పెట్టెల్లో ఎవరి నేత ఉందో నాకు తెలుసు.

కోతలకి ముందు మీరు రావాలి. బల్ట్రుస్ స్టేషనుకి బండి తెస్తాడు. నూలు మీరు తేనక్కర్లేదు.

బార్బోరా


గిర్నూపియై
1937 ఏప్రిల్ 19

చెల్లెలు స్తెఫూటెకి,

యేసుక్రీస్తుకు స్తోత్రం. పార్శిలు అందింది. మీ అత్తగారికి నేను విడిగా రాస్తాను, ఆవిడ ఉత్తరానికి జవాబు ఒక్క రోజులో రాయగలిగేది కాదు. జూన్‌లో వస్తానని మాత్రం చెప్పు. రోజె నేసినవి మడత విప్పి ఉంచమని చెప్పు, నేను చూడాలి.

నా జత కంటే ముందు నీ బట్టే విప్పాను. బల్ల మీద పరిచి కూర్చున్నాను. మొదటి మూరలో అంచు నడుముకి నాడా కట్టినట్టు లోపలికి పోయింది. రెండో మూరలో కోపం వచ్చి వదిలేశావు, పక్కన ఉచ్చులు వేళ్ళు దూరేంత ఉన్నాయి. నా ఉత్తరం ఎక్కడ అందిందో కూడా బట్టలో కనపడుతోంది. అక్కడ ఒక గోధుమరంగు మరక ఉంది, రక్తమనుకుంటాను. అక్కడి నుంచి పేక దగ్గర పడింది. వంకర పోలేదు, కానీ దగ్గర పడింది. చివరి జానెడు పరవాలేదు. బాగుందని అనడం లేదు, పరవాలేదు అంటున్నాను.

పిన్ని వచ్చి చూసి "ఇదెవరి పనే, పిల్లి నేసిందా?" అంది. నా చెల్లెలు నేసిందని చెప్పాను. పొయ్యి తుడవడానికి పనికొస్తుంది ఇవ్వమని చెయ్యి చాపింది. ఇవ్వలేదు.

నా జత మళ్ళీ నా పెట్టె అడుగున పెట్టాను. కానీ అక్కడ ఎక్కువ కాలం ఉండదులే. జూన్‌లో మీ అత్తగారికి తెచ్చి ఇస్తాను, ఈసారి నా చేత్తో, నా పేరు చెప్పి ఇస్తాను. అప్పుడది పరాయి బట్ట కాదు కదా. ఆవిడకి తొందర లేదని నాకు తెలుసు, ఎన్నాళ్ళైనా దాచుకోమను.

మరి నా సంగతేమిటంటావా? నన్ను నువ్వు నేసిన దానితోనే దించాలి. పిన్నికి చెప్పాను, జిగ్మాస్ బాబాయికి చెప్పాను, పాదిరీ గారికి కూడా చెప్పి పెట్టాను. అయితే ఈ బట్టతో దించితే శవపేటిక ఒక పక్కకి ఒరిగి, నేను గోతిలో తలకిందులుగా పడతాను. జీవితమంతా తిన్నగా నేసినదాన్ని, అలా దిగను. కాబట్టి నీకు తిన్నని అంచు వచ్చేదాకా నేను చచ్చేది లేదు. నీ పని చూస్తే నాకు ఇంకో నలభై ఏళ్ళు ఆయుష్షు ఖాయం.

నెమ్మదిగా నేర్చుకో.

నీ అక్క
తెక్లె